స్పీచ్ మనం రాసిస్తే పిల్లలకు మిగిలేదేమిటి?



ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను. పోయిన విద్యా సంవత్సరం మన హాస్టల్ పిల్లలు ఐదుగురిని ఒక ఇంటర్ స్కూల్ ఎంయూఎన్ సదస్సుకు తీసుకెళ్లాను. ఎంయూఎన్ అంటే మోడల్ యునైటెడ్ నేషన్స్ అని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఐక్యరాజ్యసమితిలో లాగే ఒక్కో విద్యార్థి ఒక్కో దేశం తరఫున డెలిగేట్‌గా కూర్చుని మాట్లాడాలి, చర్చించాలి, చివరికి తీర్మానం రాయాలి. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరికి కెన్యా వచ్చింది. అంశం తాగునీరు. టైమ్ తక్కువగా ఉంది, యూనిట్ టెస్టులు నడుస్తున్నాయి, పాప కంగారు పడుతోంది. ఆ రాత్రి కూర్చుని స్పీచ్ మొత్తం నేనే రాసిచ్చాను.

పాప ఒక్క మాట తడబడకుండా చెప్పింది. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ తర్వాత వేరే స్కూలు అబ్బాయి లేచి, "మీరు చెప్పిన పైపులైన్లకు డబ్బు ఎవరు పెడతారు?" అని అడిగాడు. పాప చేతిలో కాగితం వంక చూసింది. తర్వాత వెనక వరుసలో కూర్చున్న నా వంక చూసింది. అక్కడ టీచర్లు మాట్లాడకూడదు. ఆ అర నిమిషం నాకు అరగంటలా గడిచింది. చివరికి చైర్‌లో ఉన్న విద్యార్థి తర్వాతి దేశాన్ని పిలిచాడు.

తిరిగి వస్తుంటే జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర వ్యాన్ ఆగింది. పాప మెల్లగా అంది: "మేడమ్, స్పీచ్ చాలా బాగుంది. కానీ అది నాది కాదు కదా. ప్రశ్న అర్థమైంది, జవాబే నా దగ్గర లేదు."

ఈ వ్యాసం ఆ మాట గురించే.

నేను ఇంగ్లిష్ టీచర్‌ని. బీఈడీ పూర్తయ్యాక ఇక్కడే చేరాను. రెండేళ్లుగా గర్ల్స్ హాస్టల్ కమిటీకి అడ్వైజర్‌గా కూడా ఉన్నాను. బీఈడీలో లెసన్ ప్లాన్ రాయడం నేర్పారు, బ్లాక్‌బోర్డు వాడటం నేర్పారు. పిల్లలు వాళ్లంతట వాళ్లు మీటింగ్ పెట్టుకుంటుంటే పక్కన ఎలా కూర్చోవాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. పిల్లల దగ్గరే నేర్చుకుంటున్నాను.

మా కమిటీ చాలా చిన్నది. ఫ్లోర్‌కు ఇద్దరు ప్రతినిధులు. వాళ్లను ఆ ఫ్లోర్ పిల్లలే చీటీలు వేసి ఎన్నుకుంటారు. నెలకు రెండు శనివారాలు సాయంత్రం స్నాక్స్ తర్వాత నలభై ఐదు నిమిషాల మీటింగ్. ఒకరు అధ్యక్షత వహిస్తారు, ఒకరు మినిట్స్ రాస్తారు. సదస్సులకు వెళ్లే బృందం కూడా ఈ కమిటీ నుంచే తయారవుతుంది.

"ఫీజు కట్టేది చదువుకు కదా, ఇవన్నీ ఎందుకు?" అని పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు ప్రయత్నిస్తాను.

మన ప్రగతి నగర్‌లో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ ఎలా జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు, లిఫ్ట్ రిపేరు, మెయింటెనెన్స్ బకాయిలు. మీటింగ్‌కు వచ్చేది పదిమంది. వాట్సాప్ గ్రూపులో కోపంగా మెసేజ్‌లు పెట్టేది అరవై మంది. వచ్చిన పదిమందిలోనూ ఎదుటివారి మాట పూర్తిగా విని, లెక్క చూసి, ఒక నిర్ణయానికి తెచ్చేవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ ఇద్దరు ముగ్గురూ ఆ పని ఎక్కడో ఒకచోట నేర్చుకునే వచ్చారు. మన పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి?

ఇంకో సంగతి కూడా ఉంది. ఈరోజు డే స్కాలర్‌గా ఉన్న మీ పాప, మీ బాబు కూడా కొన్నేళ్లలో హాస్టల్‌లో ఉండబోయేవారే. ఇంటర్‌కు కొందరు, ఇంజనీరింగ్‌కు, మెడిసిన్‌కు చాలామంది, పై దేశాలకు కొందరు. అక్కడ రాత్రి పదకొండుకు నీళ్లు రాకపోతే, రూమ్‌మేట్ రెండు రోజులుగా అన్నం తినకపోతే, సీనియర్ ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి ఎలా చెప్పాలో తెలిసి ఉండాలి. రెసిడెన్షియల్ కాలేజీల గురించి పేపర్లో వచ్చే బాధాకరమైన వార్తలు చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ గదిలో ఆ రాత్రి మాట వినే మనిషి ఒక్కరు ఉన్నారా? మాట చెప్పే అలవాటు ఆ బిడ్డకు ఎవరైనా చేశారా?

హాస్టల్‌లో పెరిగిన పిల్లలు సభల్లో మాట్లాడటం మనకు కొత్తేమీ కాదు. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ మొదలైంది. తర్వాతి కాలంలో నగర కొత్వాల్ అయిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు దాని వెనుక ఉన్నారు. జిల్లాల నుంచి చదువు కోసం నగరానికి వచ్చే పిల్లలకు తలదాచుకునే చోటు లేని రోజులవి. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టల్‌కు కార్యదర్శిగా పనిచేశారు. ఆయనే 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిందీ ఆయనే. హాస్టల్ పిల్లల బాగోగులు చూసే మనిషి, పత్రిక నడిపే మనిషి, మహాసభను నడిపించే మనిషి ఒక్కరే. ఇది నాకు చాలా నచ్చిన విషయం. హాస్టల్ చూసుకోవడం అంటే మెస్ బిల్లు, తాళంచెవులు మాత్రమే కాదని ఆ తరానికి తెలుసు.

రెండో ఉదాహరణ 1938 నాటిది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థులు ప్రార్థనలో వందేమాతరం పాడుకునేవారు. అధికారులు వద్దన్నారు. విద్యార్థులు సమ్మెకు దిగారు. వందలమంది చదువుకు దూరమయ్యారు. వారిలో చాలామందిని నాగ్‌పూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. ఈ ఉద్యమంలో పాల్గొని వరంగల్ నుంచి నాగ్‌పూర్ వెళ్లి చదువుకున్న ఒక విద్యార్థి పేరు పి.వి. నరసింహారావు. అదే పి.వి. గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. పల్లెటూరి పిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి అది. ఈరోజు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న గురుకులాలకు దారి వేసింది అదే. తన మాట వల్ల చదువు పోయే పరిస్థితి చూసిన విద్యార్థి, పెద్దయ్యాక పిల్లల కోసం హాస్టల్‌తో సహా ఒక బడికి అండగా నిలబడ్డారు.

ఇక్కడి నుంచి నేను తీసుకున్న పాఠం ఒకటి. లోపల మాట్లాడే చోటు లేకపోతే పిల్లల మాట గేటు దాటి బయటికి వెళుతుంది, లేదా గొంతులోనే ఆగిపోతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం.

అమెరికాలో కాలేజీ హాస్టళ్లలో విద్యార్థి సంఘాలు ఉంటాయి. అలాంటి సంఘాలను కలిపే జాతీయ సంస్థ 1954లో అయోవా స్టేట్‌లో కొన్ని యూనివర్సిటీల హాస్టల్ విద్యార్థులు కలిసి జరుపుకున్న సమావేశంతో మొదలైంది. ఇప్పటికీ ఒక్కో హాస్టల్ సంఘం ప్రతినిధి బృందాన్ని తయారు చేసుకుని సదస్సుకు పంపుతుంది. మా దగ్గర ఇలా చేశాం, మీ దగ్గర ఎలా చేస్తున్నారు అని మాట్లాడుకుంటారు. బృందంతో పాటు ఒక అడ్వైజర్ వెళ్తారు. ఆ అడ్వైజర్ పని మాట్లాడటం కాదు. ప్రయాణం, డబ్బు, భద్రత చూసుకోవడం, వెళ్లేముందు ప్రశ్నలు అడిగి పిల్లల్ని సిద్ధం చేయడం, వచ్చాక "ఏం నేర్చుకున్నారు, ఇక్కడ ఏం మారుస్తారు" అని కూర్చోబెట్టి మాట్లాడించడం. ఇది చదివాక నేను కెన్యా స్పీచ్ గుర్తు చేసుకుని సిగ్గుపడ్డాను. నేను అడ్వైజర్ పని చేయలేదు. డెలిగేట్ పని చేశాను.

సదస్సు అంటే మన పిల్లలకు దూరపు విషయం కూడా కాదు. 2012 అక్టోబరులో జీవవైవిధ్యంపై ఐక్యరాజ్యసమితి సదస్సు మన హైటెక్స్ దగ్గరే జరిగింది. ప్రపంచ దేశాల డెలిగేట్లు కూర్చున్న చోటు మనకు గంట దూరంలో ఉంది. ఆ కుర్చీల్లో కూర్చున్నవారు ఎవరి స్పీచ్ వారే రాసుకోకపోవచ్చు. కానీ ప్రశ్న వచ్చినప్పుడు జవాబు మాత్రం వాళ్లే చెప్పాలి.

రెండేళ్లలో నాకు అర్థమైన నాలుగు విషయాలు చెబుతాను.

మొదటిది, అజెండా పిల్లలది. ఇందులోనూ నేను ఒక తప్పు చేశాను. ఒకసారి పిల్లలు అజెండాలో "వేడినీళ్లు" అని రాశారు. ఇది కంప్లైంట్‌లా ఉంది, మేనేజ్‌మెంట్ చూస్తే బాగుండదు అని నేనే కొట్టేయించాను. బదులుగా "పరిశుభ్రత వారోత్సవం" అని రాయించాను. అదే నెలలో ఆరో తరగతి పాప ఒకరు నా ఫస్ట్ పీరియడ్‌లో రోజూ నిద్రపోతోంది. రెండుసార్లు నిలబెట్టాను కూడా. తర్వాత కమిటీ పిల్లలే వచ్చి చెప్పారు. ఐదున్నర తర్వాత వెళితే పెద్దక్కలు ఉంటారు, వేడినీళ్లు అయిపోతాయి, అందుకని రెండో ఫ్లోర్ చిన్నపిల్లలు నాలుగున్నరకే లేచి స్నానం చేస్తున్నారట. నేను కొట్టేయించిన ఆ ఒక్క మాటలోనే నా క్లాసులో నిద్రకు కారణం ఉంది.

మళ్లీ అజెండాలో పెట్టించాను. ఈసారి పిల్లలు నాలుగు రోజులు ఎవరు ఎన్నింటికి స్నానానికి వెళ్తున్నారో ఒక చార్టు గీశారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లలో సగం మంది సాయంత్రం ఆటల తర్వాత స్నానం చేస్తామని ఒప్పుకున్నారు. ఫ్లోర్ల వారీగా టైమ్ రాసి గోడకు అంటించారు. కొత్త గీజర్ కొనలేదు, ఎవరినీ తిట్టలేదు. చిన్నపిల్లలకు రోజుకు గంట నిద్ర పెరిగింది. ఈ లెక్క నేనైతే వేయలేకపోయేదాన్ని. నేను హాస్టల్‌లో నిద్రపోను కదా.

రెండోది, రాసి పెట్టుకోవడం. మినిట్స్ పుస్తకంలో ఏం అనుకున్నారు, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా అన్న మూడు విషయాలు రాస్తారు. తర్వాతి మీటింగ్ మొదట్లో పాత పేజీ చదువుతారు. చేయని పని కూడా అందరి ముందే బయటపడుతుంది. మొదట్లో పిల్లలు దీనికి విసుక్కున్నారు. ఇప్పుడు నేను మర్చిపోయినా వాళ్లు మర్చిపోరు. "మేడమ్, లైబ్రరీ టైమ్ గురించి మీరు అడుగుతానన్నారు, ఇంకా అడగలేదు" అని పేజీ తీసి చూపిస్తారు. నిజం చెప్పాలంటే అది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఉండాలి కూడా.

మూడోది, హద్దులు. అన్నీ పిల్లలకు వదిలేయడం సలహా ఇవ్వడం కాదు. ఒంట్లో బాగోలేకపోవడం, భయపెట్టడం, కొట్టడం, ఎవరైనా తాకరాని విధంగా తాకడం, బతకాలని లేదన్న మాట. వీటిలో ఏది వినపడినా అది కమిటీ విషయం కాదు, వెంటనే పెద్దవాళ్ల విషయం. "ఎవరికీ చెప్పనని మాటివ్వండి మేడమ్" అని పిల్లలు అడుగుతారు. నేను ఆ మాట ఇవ్వను. "నీకు సాయం చేయగలిగిన వాళ్లకు మాత్రమే చెబుతాను, నీ పక్కనే ఉంటాను" అంటాను. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి ఫ్లోర్‌లో గోడ మీద ఉంది. కాలేజీల్లో ర్యాగింగ్ ఆపడానికి యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది, దేశమంతటికీ ఒక హెల్ప్‌లైన్ కూడా పెట్టింది. ఆ నంబరు 1800-180-5522. ఇంటర్ అయ్యాక కాలేజీ హాస్టల్‌కు వెళ్లే మీ పెద్దపిల్లల ఫోన్‌లో ఇది ఉండాలి.

ఇంకో హద్దు కూడా ఉంది. కమిటీ పిల్లలు వార్డెన్ అక్క తరఫు గూఢచారులు కారు. ఎవరు లైటు ఆర్పలేదో, ఎవరు చాక్లెట్లు దాచుకున్నారో పేర్లు రాసివ్వడం వాళ్ల పని కాదు. ఒక్కసారి ఆ పని అప్పగిస్తే ఇక ఎవరూ వాళ్లతో మనసు విప్పి మాట్లాడరు. ఈ విషయంలో మా వార్డెన్ అక్కతో మొదట్లో నాకు కొంచెం వాదన జరిగింది. ఇప్పుడు ఆవిడే ఈ నియమాన్ని కాపాడుతున్నారు.

నాలుగోది, సదస్సుకు ఎవరు వెళ్లాలి? ఇక్కడ మీతో కాస్త చనువుగా మాట్లాడతాను. డెలిగేషన్ పేర్లు ప్రకటించే వారం నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "మేడమ్, మా పాపకు స్టేజ్ ఫియర్ లేదు, పంపించండి. ఫీజు ఎంతైనా పర్లేదు." "పోయినసారి వాళ్ల అమ్మాయి వెళ్లింది కదా, ఈసారి మా అమ్మాయికి ఇవ్వండి." మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ అదే వారంలో ఇంకో నాన్నగారు ఫోన్ చేసి, "మా పాప పేరు వచ్చిందంట, ఈ నెల రిజిస్ట్రేషన్ డబ్బు కట్టలేం, వేరే వాళ్లకు ఇచ్చేయండి" అన్నారు. ఆ పాపే స్నానాల చార్టు గీసింది. మీటింగ్‌లో తక్కువ మాట్లాడుతుంది, కానీ ఆ పాప మాట్లాడాక ఇక వాదన ఉండదు. ఆ సీటు వేరే వాళ్లకు వెళ్లింది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వడం లేదు.

డెలిగేషన్ అంటే ప్రతినిధి బృందం. ఎవరికి ప్రతినిధులు? తల్లిదండ్రుల జేబుకా, హాస్టల్‌లో ఉన్న పిల్లలకా? ఈ ప్రశ్నను నేను మేనేజ్‌మెంట్ ముందు పెట్టాను, మీ ముందు కూడా పెడుతున్నాను. నా అభిప్రాయం ఇది. బృందాన్ని కమిటీ పిల్లలే, పని చూసి, ఎన్నుకోవాలి. ఎంపికైన వాళ్ల రిజిస్ట్రేషన్ ఖర్చు అందరికీ ఒకే నిధి నుంచి రావాలి, ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో పిల్లలకు తెలియకూడదు. ఒకసారి వెళ్లినవారు మరుసటి ఏడాది కొత్తవాళ్లకు నేర్పాలి, మళ్లీ వాళ్లే వెళ్లకూడదు. మేనేజ్‌మెంట్ నుంచి ఇంకా నిర్ణయం రాలేదు. మీ అభిప్రాయం కూడా రాస్తే నాకు బలం వస్తుంది. మీరు ఒప్పుకోకపోయినా రాయండి.

"ఇలా చేస్తే పిల్లలకు రాజకీయాలు అంటుకుంటాయి" అనే భయం కూడా విన్నాను. కాలేజీ విద్యార్థి ఎన్నికల గురించి 2006లో లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులు చూడండి. పోటీ చేసేవారికి కనీసం 75 శాతం హాజరు ఉండాలి, ఒక్కో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు అని రాశారు. అంటే చదువును పక్కన పెట్టి నాయకత్వం చేయమని ఎవరూ అనడం లేదు. తన తరగతికి వచ్చేవాడే తన తోటివాళ్ల తరఫున మాట్లాడాలి అంటున్నారు. మా కమిటీలోనూ అదే పద్ధతి. పరీక్షల ముందు రెండు వారాలు మీటింగ్ ఉండదు.

మీరు ఇంట్లో చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. సదస్సు నుంచి వచ్చిన పాపను మొదట "ప్రైజ్ వచ్చిందా?" అని అడగకండి. "నిన్ను ఎవరైనా కష్టమైన ప్రశ్న అడిగారా? ఏం చెప్పావు?" అని అడగండి. స్పీచ్ రాసివ్వమంటే రాసివ్వకండి, ఇంటర్నెట్ నుంచి దింపి కూడా ఇవ్వకండి. వాళ్లు రాసింది చదివి మూడు ప్రశ్నలు వేయండి చాలు. ఆదివారం ఫోన్ కాల్‌లో మార్కుల తర్వాత "మీ ఫ్లోర్‌లో ఎవరైనా ఒంటరిగా ఉంటున్నారా?" అని ఒక్క మాట అడగండి. పక్కవాళ్ల గురించి అడిగితే పిల్లలు తమ గురించి కూడా చెప్పేస్తారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

ఈ ఏడాది సదస్సుకు కెన్యా పాప వెళ్లలేదు. పైన చెప్పిన నియమం ఇంకా ఖాయం కాకపోయినా తనే పాటించింది. వెళ్లేవాళ్లకు రోజూ స్టడీ అవర్ తర్వాత పదిహేను నిమిషాలు ప్రశ్నలు వేసింది. "డబ్బు ఎవరు పెడతారు?" అన్నది మొదటి ప్రశ్న. వాళ్లు రాసుకున్న ఇంగ్లిష్‌లో గ్రామర్ తప్పులు ఉన్నాయి. రెడ్ పెన్ తీయాలని చేయి లాగింది. తప్పున్న చోట గీత గీసి ఊరుకున్నాను. కొన్ని వాళ్లే దిద్దుకున్నారు, కొన్ని అలాగే మిగిలాయి. అవార్డు రాలేదు. కానీ ప్రశ్నలు వచ్చినప్పుడు వెనక వరుస వైపు ఎవరూ చూడలేదు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజున కమిటీ మినిట్స్ పుస్తకం రిసెప్షన్ పక్కన టేబుల్ మీద ఉంటుంది. పిల్లలు అందుకు ఒప్పుకున్నారు, ఇద్దరి పేర్లు మాత్రం కనపడకుండా కాగితం అంటించమన్నారు. ప్రోగ్రెస్ కార్డు తీసుకున్నాక ఐదు నిమిషాలు ఆగి చదవండి. చేతిరాత బాగోలేని పేజీలే ముందు చదవండి, అసలు విషయాలు అక్కడే ఉంటాయి.